పాత సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు: మేడ మీద నుంచి దింపి సరైన చేతికి అప్పగించడం ఎలా?

మా ఊరి చెరువు కట్ట దిగువన, తుమ్మచెట్ల మధ్య ఎనిమిది సోలార్ ప్యానెళ్లు పడి ఉండటం నిరుటి వానాకాలంలో చూశాను. చుట్టూ ఉండాల్సిన అల్యూమినియం చట్రం లేదు. వెనక ఉండే నల్లటి జంక్షన్ పెట్టె లేదు, తీగలు లేవు. మిగిలింది పగిలిన అద్దం, దానికి అంటుకుపోయిన తెల్లటి ప్లాస్టిక్ పొర, ఆ రెండింటి నడుమ నీలం రంగు సిలికాన్ బిళ్లలు. వాటి మీద పడిన వాన నీళ్లు సన్నటి ధారగా చెరువు తూము వైపు పోతున్నాయి.

అవి ఎవరి మేడ మీదివో తెలుసుకోవడం కష్టం కాలేదు. ఇంటి యజమాని పాత సామాన్ల వ్యాపారిని పిలిచి అమ్మేశారు. వ్యాపారికి కావలసింది చట్రం, రాగి తీగ. అవి ఊడదీసుకుని మిగతాది చీకటి పడ్డాక ఇక్కడ కుమ్మరించి వెళ్లాడు. తప్పు చేస్తున్నామన్న ఆలోచన ఇద్దరికీ లేదు. పెట్టించుకునేటప్పుడు యూనిట్ల లెక్క, బిల్లు తగ్గింపు లెక్క అందరూ చెప్పారు గానీ, తీసేసేటప్పుడు ఏం చేయాలో వారికి ఎవరూ చెప్పలేదు. మీకైనా ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

సుమారు 20 కిలోల ప్యానెల్‌ను తూకం వేసి విడదీస్తే 14, 15 కిలోలు గాజే. చట్రంలో రెండు కిలోల దాకా అల్యూమినియం. ఇంచుమించు అంతే బరువు ప్లాస్టిక్ పొరలు. సిలికాన్ కిలో కంటే తక్కువ. ఇక కొంచెం రాగి, కొన్ని గ్రాముల వెండి, టంకంలో కొన్ని గ్రాముల సీసం. చట్రం, రాగి తీసేశాక మిగిలిన గాజు ప్లాస్టిక్ ముద్దను శుద్ధి చేయడం ఖర్చే తప్ప గిట్టుబాటు కాదు. అందువల్ల దాన్ని ఎవరూ తీసుకోరు, చెరువు కట్టకే చేరుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పే పనులన్నిటికీ మూలం ఒక్కటే: ప్యానెల్‌ను చట్రంతో, పెట్టెతో, తీగతో సహా మొత్తంగా అప్పగించండి. తీసుకున్నవారి దగ్గర కాగితం రాయించుకోండి.

ముందు: అది నిజంగా పాడైందా?

ఇంటికి పెట్టిన ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయని కంపెనీలు హామీ ఇస్తాయి. అంటే 25వ ఏట ఆగిపోతాయని కాదు, అప్పటికి మొదటి సామర్థ్యంలో 80 శాతం దాకా మిగులుతుందని అర్థం. పదేళ్లకే “పోయాయి, కొత్తవి వేయించుకోండి” అని ఎవరైనా అంటే తొందరపడవద్దు. మన ఎండకు ఒక కిలోవాట్ వ్యవస్థ రోజుకు సగటున నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. మూడు కిలోవాట్లది వానాకాలం కాని రోజుల్లో ఏడెనిమిది యూనిట్లకు పడిపోయిందంటే ఏదో లోపం ఉంది. ఆ లోపం ప్యానెల్‌లోనే ఉండాలని లేదు.

మొదట కడిగి చూడండి. ఎండాకాలం దుమ్ము, పావురాల రెట్ట గట్టిపడి ఉంటే ఒక్క కడుగుతోనే యూనిట్లు పెరుగుతాయి. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో కడగాలి. కాలిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది. తరువాత నీడ చూడండి. పెట్టించినప్పుడు నడుమెత్తు ఉన్న కొబ్బరిచెట్టు ఇన్నేళ్లలో మేడ దాటి ఉంటుంది. ఒక్క కొబ్బరిమట్ట నీడ ఒక ప్యానెల్‌పై పడితే, దానితో వరుసలో కలిసి ఉన్న మిగతావి కూడా మందగిస్తాయి.

ఇవి రెండూ కాకపోతే టెక్నీషియన్‌ను పిలిపించి, ఒక్కో ప్యానెల్‌ను విడిగా మల్టీమీటర్‌తో కొలిపించండి. వెనక అంటించిన చీటీ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (తీగలు దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజి), షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు కొసలు నేరుగా కలిపితే పారే కరెంటు) అని రెండు అంకెలుంటాయి. ఉదాహరణకు 72 బిళ్లల ప్యానెల్‌కు మొదటిది 45 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. మంచి ఎండలో కొలిచినప్పుడు సరిగ్గా మూడో వంతు తగ్గి 30 వోల్టులే చూపిస్తే సంతోషించండి. ప్యానెల్ బాగానే ఉంది. వెనక పెట్టెలో ఉండే మూడు డయోడ్లలో (కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగాలు) ఒకటి కాలిపోయి ఉండవచ్చు. పెట్టె తెరిచే వీలున్న రకమైతే అది చిన్న ఖర్చుతో మారిపోతుంది. ఇలాంటి ప్యానెళ్లను మొత్తం మేడ మీద నుంచి దింపించి కొత్తవి అమ్మిన సందర్భాలు నేను చూశాను.

సామర్థ్యం తగ్గినా అద్దం, వెనక పొర చెక్కుచెదరకుండా ఉన్నవాటికి రెండో జీవితం ఉంది. కోళ్ల షెడ్డులో దీపాలు, పొలం కాపలా గుడిసెలో ఫ్యాను, అడవి పందుల కోసం వేసే సోలార్ కంచె, ఇలాంటి చోట్ల 60, 70 శాతం సామర్థ్యం చాలు. ఒక్క జాగ్రత్త: పాత ప్యానెల్‌ను కొత్తవాటి వరుసలో కలపవద్దు. బలహీనమైనది ఒకటి ఉంటే మొత్తం వరుస దాని స్థాయికి దిగిపోతుంది.

ఇక వాడకూడనివి ఏవి? అద్దం పగిలినవి. కోతులు విసిరిన రాయి తగిలినా అద్దం సాలెగూడులా బీటలు వారుతుంది తప్ప రాలిపడదు, లోపలి జిగురు పొర పట్టి ఉంచుతుంది. చూడటానికి బాగానే ఉందని వాడేస్తారు. వాన కురిసినప్పుడు ఆ బీటల్లోంచి తేమ లోపలికి దిగి, కరెంటు చట్రానికి పాకుతుంది. తాకినవారికి షాక్ కొడుతుంది. వెనక పొర కాలిన మచ్చలతో ఉన్నవి, పొర పొరలుగా ఊడుతున్నవి కూడా అంతే.

కాగితాలు వెతకండి, ఫోటోలు తీయండి

ప్రతి ప్యానెల్ వెనక చీటీని ఫోటో తీయండి: కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు స్పష్టంగా కనిపించాలి. ఏళ్ల ఎండకు అక్షరాలు వెలిసిపోయి ఉంటే తడిగుడ్డతో తుడిచి చూడండి. కొన్న బిల్లు, వారంటీ పత్రం దొరికితే వాటి పక్కన పెట్టుకోండి. పదేళ్లు దాటని ప్యానెల్ అయితే వస్తు వారంటీ (తయారీ లోపాలకు ఇచ్చేది) కింద కంపెనీయే మార్చి ఇవ్వవచ్చు. అలాంటప్పుడు పాతది వెనక్కి తీసుకెళ్లే బాధ్యత కూడా వారిదేనని రాతపూర్వకంగా అడగండి.

తుపానుకు దెబ్బతిన్నవైతే, బీమా ఉంటే, ఏదీ కదపకముందే ఫోటోలు తీయాలి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నంలో మేడల మీద ఏముందో ఎగిరిపోయాకే చాలామందికి ఫోటోల సంగతి గుర్తొచ్చింది. సర్వేయర్ వచ్చేదాకా శిథిలాల మీద పట్టా కప్పి ఉంచండి.

నెట్ మీటరు (మీరు వాడుకున్న, బయటికి పంపిన యూనిట్లు రెండూ లెక్కించే మీటరు) ఉంటే మీ విద్యుత్ పంపిణీ సంస్థకు సర్వీసు నంబరు వేసి ఒక దరఖాస్తు ఇవ్వండి: ఫలానా తేదీన వ్యవస్థను తీసేస్తున్నాం, లేదా మారుస్తున్నాం అని. మీటరుకు వేసిన సీలును మీరుగానీ, మీ ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోకూడదు.

దింపడం: ఇక్కడ నిదానం కావాలి

ఈ భాగం ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. అయినా మీరు చదవాలి. ఎందుకంటే పని చేయించేది మీరు, పైన నిలబడేది మీ ఇంటి మేడ మీద, ప్రమాదం జరిగితే పడేది పేద కూలీ.

సోలార్ ప్యానెల్‌కు స్విచ్ లేదు. వెలుతురు పడుతున్నంతసేపూ అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. పది ప్యానెళ్లు వరుసలో కలిస్తే 450 వోల్టులు. పైగా అది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి తీగ విడదీసినప్పుడు వచ్చే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ సున్నాకు రాదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే పుట్టే మంట ఆరకుండా సాగుతుంది, చేతిని కాలుస్తుంది, కనెక్టర్‌ను కరిగిస్తుంది.

అందువల్ల వరుస తప్పకూడదు. మొదట ఇన్వర్టర్ నుంచి ఇంటి బోర్డుకు వచ్చే ఏసీ బ్రేకర్ ఆపండి. ఇన్వర్టర్ తెర ఆరిపోయాక డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే కరెంటును ఆపే స్విచ్) ఆపండి. బ్యాటరీలున్న వ్యవస్థ అయితే బ్యాటరీ తీగ కూడా విడదీయాలి. ఆ తరువాత కనీసం పది నిమిషాలు ఆగండి, ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. డీసీని కొలవగల క్లాంప్ మీటరును తీగ చుట్టూ పెట్టి కరెంటు సున్నా అని చూశాకే ప్యానెళ్ల మధ్య కనెక్టర్లు విప్పాలి. విప్పిన ప్రతి కొసకు వెంటనే ఇన్సులేషన్ టేపు చుట్టాలి. ఎర్త్ తీగను అన్నిటికన్నా చివరన తీయాలి. పని తొందరలో దాన్నే ముందు కోసేసేవారున్నారు, ఆపండి.

వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజాము మంచిది: వెలుతురు తక్కువ, గాలి తక్కువ, చట్రం చేతులు కాల్చదు. ముదురు రంగు టార్పాలిన్ కప్పి పని చేస్తే ఇంకా మేలు. మబ్బు పట్టిన రోజైనా కరెంటు ఉంటుందని మరచిపోకండి. తడి మేడ మీద, ఈదురుగాలిలో అసలు వద్దు. రెండు చదరపు మీటర్ల పలకను గాలి పట్టిందంటే మనిషితో సహా లాక్కుపోతుంది. ప్రతి ప్యానెల్‌కు ఇద్దరు మనుషులు, మందపాటి చేతి తొడుగులు, కాళ్లకు బూట్లు, మేడ అంచున పనిచేసేవారి నడుముకు తాడు, ఇవి లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి. చేతి గడియారం, ఉంగరం, మొలతాడుకు వేలాడే తాళంచెవులు తీసి కింద పెట్టించండి.

నట్లు తుప్పు పట్టి తిరగకపోతే సుత్తితో కొట్టకుండా తుప్పు వదిలించే నూనె వేసి అరగంట ఆగండి. ప్యానెల్‌ను తీగ పట్టుకుని ఎత్తవద్దు, చట్రం పట్టుకోవాలి. తీగ ఊడివస్తే వెనక పెట్టె పగిలిపోతుంది, మళ్లీ వాడే అవకాశం పోతుంది.

పేర్చడం, దాచడం

బాగున్న ప్యానెళ్లను పొడుగు అంచు మీద నిలబెట్టి, మధ్య మధ్య అట్టముక్కలు పెట్టి, గోడకు ఆనించి తాడుతో కట్టండి. కింద చెక్కలు వేయండి, నేల తేమ తగలకూడదు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పైన బరువు పెడితే కంటికి కనిపించని బీటలు పడతాయి. పగిలినవాటిని మాత్రం పడుకోబెట్టి, మందపాటి పట్టాలో చుట్టి టేపు వేయండి, వాన తగలని చోట ఉంచండి. రాలిన గాజుపెంకులను చీపురుతో ఊడ్చి, పాత పెయింట్ డబ్బాలో వేసి మూత పెట్టి, పైన “పగిలిన గాజు” అని రాసి ప్యానెళ్లతో పాటే ఇవ్వండి. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తే అది ఏరే మనిషి చేతిలో దిగుతుంది.

కాల్చవద్దు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. రాగి కోసం తీగలు, చట్రం జిగురు వదలడం కోసం ప్యానెల్‌నే మంటలో వేసేవారున్నారు. వెనక పొరకు చాలా ప్యానెళ్లలో ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ వాడతారు. అది కాలితే ఊపిరితిత్తులను, కళ్లను దెబ్బతీసే వాయువు వస్తుంది.

మీ ప్యానెల్‌లో నీలం, నలుపు బిళ్లల గళ్లు కనిపించకుండా మొత్తం ఒకే నలుపుగా, రెండు వైపులా గాజుతో, చట్రం లేకుండా ఉంటే అది పలుచని పొర రకం కావచ్చు. వాటిలో కొన్నింటిలో కాడ్మియం అనే విషలోహపు సమ్మేళనం ఉంటుంది. ఇళ్ల మీద అరుదు, పెద్ద సోలార్ క్షేత్రాల్లో ఉంటాయి. ఎవరైనా అలాంటి పాతవి చవకగా అమ్మజూపితే కొనకండి, పగిలినవి దొరికితే చేతితో ముట్టుకోకండి.

ఎవరికి ఇవ్వాలి?

2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న కేంద్ర ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు (2022) సోలార్ ప్యానెళ్లను కూడా ఈ-వ్యర్థాల జాబితాలో చేర్చాయి. ఆ జాబితాలో వాటి గుర్తు సీఈఈడబ్ల్యూ14. తయారీదారులు, ఉత్పత్తిదారులు (తమ పేరుతో అమ్మేవారు, దిగుమతి చేసేవారు) కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. 2034-35 వరకు పుట్టే ప్యానెల్ వ్యర్థాన్ని మండలి మార్గదర్శకాల ప్రకారం నిల్వ చేయాలి, ఏటా లెక్క చెప్పాలి. కాబట్టి మీరు ఫోను చేసి “మీ ప్యానెల్ తీసేశాం, ఎక్కడ అప్పగించాలి?” అని అడగడం దయ కోరడం కాదు.

మొదటి ప్రయత్నంగా ప్యానెల్ చీటీ మీది కంపెనీకి ఈమెయిల్ రాయండి. సీరియల్ నంబర్లు, ఫోటోలు, ఎన్ని ఉన్నాయి, ఏ ఊరు, ఇవన్నీ ఒకే ఉత్తరంలో ఉండాలి. వారం, పది రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ రాయండి, ఈసారి మీకు అమర్చిన సంస్థకు కూడా ప్రతి పంపండి. కంపెనీ మూతపడి ఉంటే, లేదా జవాబే లేకుంటే, పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ల జాబితాలో మీ రాష్ట్రానివి చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండళ్ల ప్రాంతీయ కార్యాలయాల్లో అడిగినా చెబుతారు.

రీసైక్లర్‌తో మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మీ అనుమతి పత్రంలో సోలార్ ప్యానెళ్లు ఉన్నాయా? ఫోన్లు, కంప్యూటర్లకు అనుమతి ఉన్నవారందరికీ ప్యానెళ్ల యంత్రాలు ఉండవు. మీరే శుద్ధి చేస్తారా, ఇంకొకరికి పంపుతారా, పంపితే ఎవరికి? తీసుకున్నట్లు బరువు, సంఖ్య, తేదీతో రశీదు ఇస్తారా? మూడో ప్రశ్నకు నసిగితే అక్కడితో ఆపేయండి.

డబ్బు సంగతి దాచడం న్యాయం కాదు. పాత సామాన్ల వ్యాపారి చట్రం, రాగి చూసి ప్యానెల్‌కు కొంత చేతిలో పెడతాడు. పద్ధతిగా చేసే రీసైక్లర్ అంతకన్నా తక్కువ ఇవ్వవచ్చు, రవాణా మీరే పెట్టుకోమనవచ్చు. ఎనిమిది ప్యానెళ్ల కోసం నగరం నుంచి లారీ ఎవరూ పంపరు. అందుకే ఒంటరిగా కాకుండా కాలనీవారంతా కలవడం మంచిది. మీ ఊళ్లో అదే కాలంలో సోలార్ పెట్టించిన ఇళ్లు మరికొన్ని ఉంటాయి, బడి ఉంటుంది, బ్యాంకు శాఖ ఉంటుంది. ఒక చిన్న వ్యాను నిండేంత పోగైతే రవాణా భారం పంచుకోవచ్చు. కొత్తవి దించి వెళ్లే వ్యాను ఎలాగూ ఖాళీగా నగరానికి పోతుంది. అమర్చే సంస్థతో ధర మాట్లాడేటప్పుడే “పాతవి తీసుకెళ్లి రీసైక్లర్‌కు ఇచ్చి రశీదు తెచ్చివ్వాలి” అన్న వాక్యాన్ని కొటేషన్‌లో రాయించండి. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే ఎవరూ వినరు.

ఈ శ్రమ ఒకరిద్దరిది కాదు. కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ అనే పరిశోధన సంస్థ 2024లో వేసిన అంచనా ప్రకారం, 2023 మార్చి నాటికే దేశంలో దాదాపు లక్ష టన్నుల సోలార్ వ్యర్థం పోగైంది. 2030 నాటికి అది 3.4 లక్షల టన్నులకు చేరుతుంది. దానిలో మూడింట రెండు వంతులు ఐదు రాష్ట్రాల నుంచే వస్తుంది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

బ్యాటరీ: ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది

పాత సోలార్ వ్యవస్థల్లో, ఇన్వర్టర్లలో ఉండే ట్యూబులర్ బ్యాటరీ సీసం, గంధకామ్లం కలిసిన పెట్టె. 150 ఏహెచ్ (ఆంపియర్ గంటలు, అంటే నిల్వ సామర్థ్యం) ఉన్నది యాసిడ్‌తో కలిపి 50 కిలోలకు పైనే తూగుతుంది, అందులో సగానికి పైగా సీసమే. ఆ సీసానికి మంచి ధర ఉంది కాబట్టి దీన్ని చెరువు కట్టన ఎవరూ పారేయరు. ప్రమాదం పారేయడంలో కాదు, పగలగొట్టడంలో ఉంది.

ఒకసారి ఒక తుక్కు దుకాణం వెనక చూసిన దృశ్యం నేను మరచిపోలేను. పదహారేళ్ల కుర్రవాడు బ్యాటరీని పక్కకు వంచి యాసిడ్‌ను సిమెంటు నేల మీదకు ఒంపాడు. నేల బుసబుసమని తెల్లగా నురగెత్తింది. ఆ నురుగు కాలువలోకి జారుతుంటే అతడు గొడ్డలితో మూత పగలగొట్టి బూడిదరంగు పలకలు బయటికి లాగాడు. చేతులకు తొడుగు లేదు. మధ్యాహ్నం అదే చేత్తో అన్నం తిన్నాడు.

సీసం ఇంత మోతాదు వరకు పర్వాలేదు అన్న హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి వెళ్లిన సీసాన్ని పెద్దల శరీరం కన్నా పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది, మళ్లీ బాగుపడదు. ఆ కుర్రవాడి బట్టలకు అంటిన ధూళి ఇంటికి వెళ్లి అతడి చెల్లెలి పక్క మీద రాలుతుంది.

కాబట్టి బ్యాటరీ విషయంలో చేయాల్సినవి ఇవి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది అదే కంపెనీ అధీకృత డీలర్‌కు మార్పిడి కింద ఇవ్వండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులది. ఇంటి చెత్తలో కలపకుండా సేకరణ, మరమ్మతు, రీసైక్లింగ్ చేసేవారికే ఇవ్వడం వాడకందారుగా మీ బాధ్యత. బ్యాటరీ మీద ఇంటూ కొట్టిన చెత్తడబ్బా బొమ్మ ఉండేది ఇందుకే. బిల్లులో పాత బ్యాటరీ తీసుకున్నట్లు, దానికి ఎంత తగ్గించారో రాయించండి. వీధిలో వచ్చే వ్యాపారి వంద, రెండు వందలు ఎక్కువ ఇస్తానన్నా ఇవ్వకండి. ఆ ఎక్కువ సొమ్ము ఆ కుర్రవాడి ఒంట్లోంచి వస్తుంది.

బరువు తగ్గుతుందని యాసిడ్ ఒంపవద్దు, మూతలు విప్పవద్దు. నిలబెట్టే మోయాలి, నిలబెట్టే వాహనంలో పెట్టాలి. పాజిటివ్, నెగెటివ్ కొసలకు టేపు వేయాలి. ఇద్దరు కలిసి మోయండి. యాసిడ్ ఒలికితే వంట సోడా ధారాళంగా చల్లండి, నురగ ఆగేదాకా చల్లుతూ ఉండి, ఆపైన ఎక్కువ నీళ్లతో కడగండి. కంట్లో పడితే పారే నీటితో ఇరవై నిమిషాలు కడుగుతూనే ఉండి, ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లండి.

పూర్తిగా చార్జి చేసి కొన్ని గంటలు వదిలేసినా 12 వోల్టుల బ్యాటరీ పదిన్నర దగ్గరే ఆగితే, లోపలి ఆరు గదుల్లో ఒకటి చచ్చిందని అర్థం. దాన్ని ఎవరో “బాగుచేసి” అమ్ముతామంటే నమ్మకండి.

కొత్త వ్యవస్థల్లో, వీధి దీపాల్లో వచ్చేవి లిథియం బ్యాటరీలు. ఇవి తేలికగా ఉంటాయి, కానీ గుచ్చుకున్నా, నలిగినా అంటుకుంటాయి. ఉబ్బిన ప్యాక్‌ను తెరవకండి, చార్జి పెట్టకండి. కొసలకు టేపు వేసి, పొడి ఇసుక పోసిన ఇనుప బకెట్‌లో, ఇంటికి దూరంగా నీడలో ఉంచి వీలైనంత త్వరగా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి లేదా అమ్మినవారికి అప్పగించండి. పంచాయతీలు పాత సోలార్ వీధిదీపాలను మొత్తంగా వేలం వేస్తుంటాయి. వేలం షరతుల్లో లిథియం బ్యాటరీలు నమోదైన రీసైక్లర్‌కే చేరాలన్న వాక్యం చేర్చమని మీ వార్డు సభ్యుడిని అడగండి.

మిగతా సామాన్లు

ఇన్వర్టర్, చార్జ్ కంట్రోలర్ కూడా ఈ-వ్యర్థాలే, ప్యానెళ్లతో పాటు అదే రీసైక్లర్‌కు ఇవ్వండి. వై-ఫై పెట్టె ఉంటే మీ ఇంటి పాస్‌వర్డ్ అందులో ఉంటుంది, ఇచ్చేముందు రీసెట్ చేయండి. జింకు పూత పూసిన ఇనుప స్టాండు మాత్రం నిస్సంకోచంగా పాత ఇనుము కింద అమ్ముకోవచ్చు, బాగుంటే కొత్త ప్యానెళ్లకే వాడుకోవచ్చు. మేడ నుంచి ఇన్వర్టర్ దాకా విడిగా వేసిన రాగి తీగను తొక్కతో సహా అమ్మండి.

సోలార్ వాటర్ హీటర్‌లో గాజు గొట్టాలది మామూలు గాజు కాదు, ఎక్కువ వేడికి గాని కరగదు. సీసాల గాజుతో కలిపితే ఆ కొలిమి సరుకంతా చెడుతుంది, వేరుగా ఇవ్వండి. గొట్టం కొసన వెండిలా మెరిసే మచ్చ తెల్లబడితే గొట్టం గోడల నడుమ ఉండాల్సిన శూన్యం (గాలి లేని ఖాళీ) పోయినట్లు. ఆ ఒక్క గొట్టాన్ని మార్చుకుంటే చాలు, హీటరంతా తీసేయనక్కరలేదు. లోపలి స్టీలు తొట్టికి మంచి ధర వస్తుంది.

పొలం కౌలుకిచ్చిన రైతులకు ఒక మాట

అనంతపురం, కర్నూలు వైపు సోలార్ క్షేత్రాలకు, గాలిమరలకు భూమి కౌలుకిచ్చిన రైతులు చాలామంది ఉన్నారు. మీ ఒప్పందం తీసి చివరి పేజీలు చదివించుకోండి: గడువు తీరాక పరికరాలను ఎవరు తీయాలి, ఎన్ని నెలల్లో తీయాలి, కాంక్రీటు పునాదిని ఎంత లోతు వరకు పెకలించాలి, తీయకపోతే ఆ ఖర్చుకు ముందే పెట్టిన డిపాజిట్ ఉందా? గాలిమర రెక్క గాజు నార, రెసిన్‌తో చేసినది. ఇనుములా కరగదు, అమ్ముడుపోదు. కోసి పొలంలోనే పూడ్చి వెళ్తే మీ పిల్లల నాగలికి తగులుతుంది. ఆ వాక్యాలు లేకపోతే ఒప్పందం పొడిగింపుకు వచ్చినప్పుడు చేర్పించండి. సంతకం పెట్టే ముందు రోజు వరకే మీ మాటకు బలం ఉంటుంది.

సోలార్ పంపుసెట్ల రైతులు పాత ప్యానెళ్లను విడిగా అమ్మేముందు రాయితీ షరతులు చూసుకోవాలి. పంపు కంట్రోలర్ పాడైతే దాన్నొక్కదాన్నే బాగుచేయించవచ్చు, ప్యానెళ్లు అప్పటికి సగం ఆయుష్షు కూడా దాటి ఉండవు.

చివరి పని మేడ మీదే

రీసైక్లర్ ఇచ్చిన రశీదును, డీలర్ బిల్లును, పంపిణీ సంస్థ ఇచ్చిన అంగీకార పత్రాన్ని ఇంటి పన్ను కాగితాలతో కలిపి పెట్టండి. తరువాత మేడ మీదకు వెళ్లి, స్టాండు బోల్టులు తీసిన చోట మిగిలిన ప్రతి రంధ్రాన్ని చూడండి. తీగతో తుప్పు గీకి, లోపలి దుమ్ము ఊది, నీరు దిగని రసాయనం కలిపిన సిమెంటుతో పూడ్చండి. ఒక రోజు తడిపి ఉంచి, మర్నాడు ఒక్కో చోట చెంబెడు నీళ్లు పోసి కింద గది కప్పు వైపు చూడండి. తొలకరి పడేలోపు ఈ పని అయిపోవాలి.